మెరిసిన లైటును మళ్లీ గీకాల్సి వచ్చింది

మైలవరం దాటి తిరువూరు వైపు వెళ్తుంటే ఒకచోట రోడ్డు కొద్దిగా ఎడమకు తిరుగుతుంది. 2023 నవంబరులో ఒక రాత్రి, ఎనిమిది దాటాక, ఆ మలుపులో నా ముందున్న చీకటి ఉన్నట్టుండి గడ్డిమేటుగా మారింది. వెనక ఎర్రదీపం గానీ, మెరిసే స్టిక్కరు గానీ లేని ట్రాక్టరు ట్రాలీ. దాని మీద ఇంటి ఎత్తున వరిగడ్డి. నేను బ్రేకు తొక్కిన తొక్కుకు వెనక సీట్లో నిద్రపోతున్న మా అబ్బాయి ముందు సీటుకు కొట్టుకుని లేచాడు. కారు ఆగేసరికి బానెట్టు మీద నాలుగు గడ్డిపరకలు రాలి ఉన్నాయి.

ట్రాక్టరు నడిపేవాడిని తిట్టుకుంటూ కొంత దూరం వచ్చాను. తిట్టడానికి కారణం కూడా ఉంది. కానీ మా ఆవిడ, "ఏమండీ, ఎదుటి బండి లైట్లు పడినప్పుడు తప్ప మన రోడ్డు మనకు కనబడటం లేదు" అనేసరికి నా నోరు మూతపడింది. ఆ మాట నిజం. రెండేళ్లుగా రాత్రిళ్లు బండి నడిపేటప్పుడు ముందుకు వంగి స్టీరింగు మీద పడుతున్నాను. అది వయసు ప్రభావమని సరిపెట్టుకున్నాను. కళ్లజోడు కూడా ఒకసారి మార్పించాను.

మరునాడు పొద్దున పాలు తేవడానికి దిగి కారు ముందు గొంతుక్కూర్చున్నాను. 2013లో కొన్న చిన్న కారు. రోజూ చూసే ముఖంలో మార్పు మనకు తెలియదు కదా. లైటు మీది ప్లాస్టిక్ అద్దం బజ్జీలు పొట్లం కట్టిన నూనె కాగితంలా ఉంది. లోపల బల్బు ఉందని తెలుస్తోంది గానీ దాని ఆకారం తెలియడం లేదు. ఎడమ దానికన్నా కుడిది ఎక్కువ పచ్చబడింది. మా అపార్టుమెంటులో నేను కారు నిలిపే చోట ఎడమ పక్కన మెట్ల గోడ నీడ పడుతుంది. కుడి లైటు మీద మాత్రం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండే. బానెట్టు ఎత్తి చూస్తే, దాని అంచు కింద దాక్కున్న అరంగుళం మేర అద్దం షోరూంలో నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. బల్బు వేడికే అద్దం పచ్చబడుతుందని వాదించేవాళ్లకు ఆ అరంగుళం చూపిస్తే చాలు. వేడి అక్కడికీ చేరుతుంది, ఎండ చేరలేదు.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. గాజు గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు పాలు వేసి, పక్క నుంచి టార్చి కొట్టి, కాంతి దారి తెల్లగా కనబడటం పదో తరగతి పిల్లలకు ఏటా చూపిస్తాను. నేరుగా పోవలసిన కాంతి పక్కలకు చెదిరిపోతోందని, దాన్ని టిండాల్ ప్రభావం అంటారని బోర్డు మీద రాయిస్తాను. నా కారు రెండేళ్లుగా అదే ప్రయోగం రోడ్డు మీద చేస్తోంది. ముందున్న తారు మీద పడవలసిన వెలుతురు అద్దంలోనే చెదిరి, కొంత చెట్ల కొమ్మల మీదికి, కొంత ఎదుటివాడి కంట్లోకి పోతోంది. అమెరికాలోని మోటారు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో ఇలాంటి పాత లైట్లను పరీక్షించి, కొత్తవాటితో పోలిస్తే అవి ఇచ్చే వెలుతురు దాదాపు ఐదో వంతేనని తేల్చింది. పుస్తకం చెప్పేవాడికి సొంత బండి దగ్గర ఆ పుస్తకం గుర్తు రాకపోవడం కొత్తేమీ కాదు.

మా నాన్నగారి అంబాసిడర్‌కు ఈ బాధ లేదు. గుండ్రటి గాజు లైట్లు. తడి గుడ్డతో తుడిచి, పాత వార్తాపత్రిక ముద్దచేసి రుద్దితే తళతళలాడేవి. రాయి తగిలితే పగిలేవి, అంతే. గాజు బరువు, దానికి ఒంపులు తీయడం కష్టం, గుద్దుకుంటే ముక్కలవుతుంది. ఆ స్థానంలోకి వచ్చింది పాలీకార్బొనేట్. 1953లో జర్మనీలోని బేయర్‌లో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దీన్ని తయారుచేశారు. సీడీలు, హెల్మెట్ల ముందుండే అద్దాలు దీనితో చేసినవే. సుత్తితో కొట్టినా సులువుగా పగలదు. దీనికున్న పెద్ద లోపం ఎండకు ఓర్చుకోలేకపోవడం. అతినీలలోహిత కిరణాలు తగిలేకొద్దీ పైపొరలోని అణువుల బంధాలు తెగి పచ్చబడుతుంది, పెళుసవుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద వెంట్రుక కన్నా చాలా పలచని గట్టి పూత వేసి పంపుతారు. మనం కారు కొన్నప్పుడు చూసి మురిసిపోయే ఆ మెరుపు పూతదే. దుమ్ము, ఎండ, కడిగేవాళ్ల గరుకు గుడ్డలు కలిసి కొన్నేళ్లలో దాన్ని తినేస్తాయి. ఆ తరువాత ప్లాస్టిక్ ఒంటి మీద చొక్కా లేకుండా ఎండలో నిలబడినట్టే.

ఇదంతా నాకు ఆ పొద్దున తెలిసినది కాదు. ముందు రెండు మూడు సార్లు చేతులు కాల్చుకున్నాకనే తెలిసింది.

అసలు ఈ లైట్లకు వైద్యం చేయించడం ఇది మొదటిసారి కాదు. 2022లో బంధువుల పెళ్లికి వెళ్లేముందు కారు కడిగించడానికి ఒక దుకాణంలో ఆగితే, అక్కడి కుర్రాడు "సార్, నాలుగు వందలివ్వండి, పావుగంటలో కొత్త లైట్లు చేసిస్తా" అన్నాడు. ఒక కరెంటు కప్పులో ఏదో ద్రవం పోశాడు. మూతకున్న గొట్టంలోంచి ఆవిరి వచ్చింది. ఆ ఆవిరిని లైటు మీద పై నుంచి కిందికి పట్టిస్తూ పోయాడు. గొట్టం పోయినమేర పచ్చదనం కరిగి, నీళ్లు పోసినట్టు అద్దం తేలింది. మంత్రం వేసినట్టే ఉంది. కొంచెం తీపి వాసన వచ్చింది. ఆ వాసనకే నాకు అనుమానం రావలసింది. ఇలాంటి పనికి సాధారణంగా వాడేది డైక్లోరోమీథేన్ గానీ, క్లోరోఫారం గానీ. పాలీకార్బొనేట్‌ను కరిగించే ద్రావకాలు అవి. ఆవిరి తగిలినప్పుడు పైపొర లేశమాత్రం కరిగి, గీతలన్నీ పూడుకుపోయి నున్నగా గట్టిపడుతుంది. మెరుపు వస్తుంది గానీ కొత్త పూత రాదు. పైగా అది పీల్చడం ఊపిరికీ కాలేయానికీ మంచిది కాదు. ఆ కుర్రాడి ముక్కుకు చేతిరుమాలు కూడా లేదు.

ఆ మెరుపు అయిదు నెలలు ఉంది. తరువాత పచ్చదనం తిరిగి రావడమే కాక, సాలెగూడులాంటి సన్నని నెర్రెలు కూడా వచ్చాయి. వేలితో తడిమితే తగలవు. టార్చి కొడితే మాత్రం మెరుస్తాయి.

ట్రాక్టరు సంగతి జరిగిన వారం మా అబ్బాయి టూత్‌పేస్టు తెచ్చాడు. తెల్ల పేస్టులో సన్నటి గరుకు పొడి ఉంటుంది కాబట్టి అది కొంత పని చేస్తుంది. ఇద్దరం పాత బ్రష్షులు పట్టుకుని గంటసేపు రుద్దాం. పుదీనా వాసన బాగానే వచ్చింది, లైటు కూడా ఒక మెట్టు తేటపడింది. మూడు వారాలకు మళ్లీ మొదటికి వచ్చింది. తోటి ఉపాధ్యాయుడు ఒకాయన 100 వాట్ల బల్బులు వేయించమన్నాడు. కారుకు ఉన్నవి మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బులు. మసక అద్దం వెనక పెద్ద బల్బు పెడితే చెదిరే వెలుతురు పెరుగుతుంది తప్ప రోడ్డు కనబడదు. వైర్లు, బల్బు వెనక ఉండే వెండిరంగు గిన్నె పూత వేడికి పాడవడం అదనం. ఆ ఒక్క తప్పు మాత్రం చేయలేదు.

షోరూంలో జత లైట్లకు తొమ్మిది వేల పైచిలుకు చెప్పారు. బయటి రకమైతే జత 5,200. డబ్బులు తీసుకుని ఆటోనగర్ వెళ్లినవాడిని, ముందు తెలిసిన పెయింటింగ్ మేస్త్రీని ఒకసారి అడుగుదామని ఆగాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా కార్లకు రంగు వేస్తున్న మనిషి. అప్పుడే ఒక తలుపుకు లప్పం పెడుతున్నాడు. చేయి ఆపకుండానే నా కారు వైపు ఒక చూపు చూసి, "ఆవిరి పట్టించారా?" అన్నాడు. నేను చెప్పకముందే.

"మాస్టారూ, మెరిపించడం ఎవరైనా మెరిపిస్తారు. పైనున్న పొర పోయింది కదా. కొత్త పొర వేస్తున్నామా లేదా? ముందు అది చెప్పండి. వేయకపోతే ఎన్నిసార్లు రుద్దినా రుద్దిన కూలీ దండగ."

పొర అంటే ఆయన దృష్టిలో రెండు భాగాల క్లియర్. కారు రంగు మీద ఆఖరున వేసే పారదర్శకమైన పూతే. అందులో హార్డెనర్ కలిపితేనే గట్టిపడుతుంది. తానే చేసిపెడతానని 1,800 చెప్పాడు. కానీ సంక్రాంతికి ఊళ్లకు పోయే బండ్లు షెడ్డు నిండా ఉన్నాయి, పండుగయ్యాకనే అన్నాడు. నాకు పండుగ సెలవులు పది రోజులు. నేనే చేసుకుంటానన్నాను. ఆయన నవ్వి, ఒక పాత షేడ్ కార్డు వెనక పెన్సిలుతో రాసిచ్చాడు. 600, 800, 1000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ నునుపు), అర అంగుళం రబ్బరు చెక్క, మంచి రకం మాస్కింగ్ టేపు, హార్డెనర్ లోపలే విడి గదిలో ఉండే క్లియర్ స్ప్రే డబ్బా. ఆ చివరిదాని కింద రెండు గీతలు గీసి, "దీనికి గుడ్డ మాస్కు పనికిరాదు. డబ్బాల మాస్కు పెట్టుకోవాలి. ఈ క్లియర్ ఊపిరితిత్తులను తినేస్తుంది" అన్నాడు. హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్లనే హానికర రసాయనాల గురించి నేను ఎప్పుడో చదివాను. ఆ మాట చెప్పి ఆయన దగ్గిన దగ్గు విన్నాక చదువుతో పని లేకపోయింది. రసాయన వాయువులను ఆపే మాస్కు తొమ్మిది వందలు పెట్టి కొన్నాను.

ఆయన రాసినవాటితో ఆగలేదు. దుకాణంలో 2000, 3000 నంబర్ల కాగితాలు, రుద్ది మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండు డబ్బా, డ్రిల్లుకు తగిలించే స్పాంజి కూడా కొన్నాను. పాపం పెద్దాయన మరచిపోయి ఉంటాడు అనుకున్నాను.

భోగి రోజు ఎడమ లైటుతో మొదలుపెట్టాను. చుట్టూ బంపరుకు, ఫెండరుకు, బానెట్టు అంచుకు టేపు మూడు వరసలు అంటించాను. వాటర్ పేపర్లను బకెట్లో అరగంట నానబెట్టి, నీళ్లలో కాస్త తలంటు షాంపూ వేశాను. కాగితం జారుతూ నడవడానికి, గీకిన పొడి అందులో ఇరుక్కోకుండా ఉండడానికి అది పనికివస్తుంది. 600 అంటే మరీ గరుకు అనిపించి నా తెలివి కొద్దీ 1000తో మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు రుద్దినా నెర్రెలు నెర్రెల్లాగే ఉన్నాయి. మళ్లీ 600కే వచ్చాను.

600 నంబరు కాగితం మొదట కొంచెం జారింది. పది పదిహేను రుద్దులయ్యాక పట్టు దొరికింది. కాగితం కింద నుంచి కారే నీళ్లు గడపకు రాసిన పసుపు కడిగినట్టు పచ్చగా వచ్చాయి. అది పాత పూత. పూత అంతటా ఒకేలా ఊడిపోదు. పోయినచోట నున్నగా తెల్లబడి, పోనిచోట మెరుస్తూ మధ్యలో దీవుల్లా మిగులుతుంది. ఆ దీవుల అంచులు వేలిగోటికి తగులుతాయి. ఒక్క దీవి మిగిలినా తరువాత వేసే పూత కింద మచ్చలా కనబడుతుందట, అందుకే వాటిని వదలకూడదు. పైన వాలు భాగం అరగంటలో తేలింది గానీ, కింద ముక్కులా మలుపు తిరిగిన చోట చెక్క పట్టదు, వేళ్లతోనే రుద్దాలి. వేళ్లతో రుద్దితే ఒత్తిడి ఒక్కచోటే పడి గాడి పడుతుంది. అందుకని అరచేతి మడత మీద కాగితం చుట్టి తిప్పాను. యాభై నిమిషాల తరువాత నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా రావడం మొదలైంది. పచ్చదనం అయిపోయింది, ఇక వస్తున్నది అసలు ప్లాస్టిక్.

గుడ్డతో తుడిచి ఆరాక చూస్తే గుండె జారింది. ఇంతకుముందు నూనె కాగితంలా ఉన్నది ఇప్పుడు స్నానాల గది కిటికీకి పెట్టే మసక గాజులా ఉంది. బల్బు ఉన్నట్టే తెలియడం లేదు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ అరిసెల పళ్లెం పట్టుకుని దిగి, "ఉన్నది కూడా పోగొట్టారా?" అంది. ధైర్యం కోసం దాని మీద కాసిని నీళ్లు చల్లాను. తడిసినంతసేపు లోపలి బల్బు, వెనక అద్దం, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. నీళ్లు గీతల్లో నిండి పైభాగం చదునవుతుంది కాబట్టి కాంతి చెదరదు. ఆరగానే మళ్లీ తెలుపు. పూత వేశాక ఎలా ఉంటుందో ఆ తడే ముందుగా చూపిస్తుంది. తడిపినప్పుడు కూడా పచ్చగా కనబడితే ఇంకా రుద్దాలని అర్థం.

తరువాతవి త్వరగానే అయ్యాయి. 600ను అడ్డంగా రుద్దితే 800ను నిలువుగా, 1000ను మళ్లీ అడ్డంగా. అడ్డగీతలన్నీ పోయి నిలువు గీతలే మిగిలితే ఆ నంబరు పని అయినట్టు. ఒక లైటుకు మొత్తం రెండు గంటలు పట్టింది. భుజం నొప్పి రెండు రోజులు.

పండుగ రోజు కారు దగ్గర కూర్చుంటే ఊరుకునేది లేదని ఇంట్లో హుకుం. ఒక లైటు పచ్చగా, ఒకటి తెల్లగా కారు అలాగే ఉండిపోయింది. భోజనానికి వచ్చిన మా బావమరిది దాన్ని చూసి, "బావగారూ, కొత్త అల్లుడిని చూడటానికి ఒక కన్ను మూసుకున్నట్టుందే మీ బండి" అన్నాడు. ఆ కొత్త అల్లుడు అతనే.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నాకు కావలసిందీ అదే. పొద్దున్నే గారెలు తిని కుడి లైటు పట్టాను. ఎండ తిన్నది ఎక్కువ కాబట్టి 600తోనే గంట పైన పట్టింది. 1000 అయ్యాక ఆగవలసినవాడిని ఆగలేదు. సంచిలో 2000, 3000 కాగితాలు, కాంపౌండు ఊరికే పడి ఉన్నాయి కదా. 3000 అయ్యేసరికి మసక పలచబడింది. స్పాంజికి కాంపౌండు రాసి డ్రిల్లును తక్కువ వేగంలో తిప్పాను. ఒక్కచోట నిలిపితే ప్లాస్టిక్ వేడెక్కి కాలుతుందని కదుపుతూనే ఉన్నాను. నాలుగు నిమిషాలకు తుడిచి చూస్తే లైటులో నా ముఖం, నా వెనక బాల్కనీలో ఆరేసిన చీర అంచు, అన్నీ కనబడ్డాయి. కొత్త కారు లైటు కన్నా మెరుగ్గా ఉందని ప్రమాణం చేసి చెప్పగలను. పది నిమిషాలు దాని ముందే కూర్చుని, ఫొటో తీసి గర్వంగా మేస్త్రీకి పంపాను.

ఆయన ఊళ్లో ఉన్నాడు. వెనక కోడిపందేల కేకలు వినబడుతుండగా ఫోను చేశాడు.

"ఎంత పని చేశారు మాస్టారూ! కాంపౌండు నేను రాశానా?"

"రాయలేదు. కానీ బాగా వచ్చింది కదా?"

"బాగా వస్తే ఏం లాభం? అద్దంలా చేస్తే క్లియర్ దేన్ని పట్టుకుని నిలబడుతుంది? స్టీలు పళ్లెం మీద సున్నం కొడితే నిలుస్తుందా? ఆరు నెలలకు పొరలు పొరలుగా లేచిపోతుంది. పైగా దాని మీద కాంపౌండు జిడ్డు. స్ప్రే కొట్టగానే గుంటలు పడతాయి. శుభ్రంగా తుడిచి, 1000తో మళ్లీ గీకండి."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మెరిసేదాన్ని చేతులారా పాడుచేయడానికి మనసు రాదు. ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది, పైన కాస్త మైనం రాస్తే సరిపోదా అని ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను. వదిలేస్తే ఏమవుతుందో ఆవిరి పట్టించినప్పుడు ఒకసారి చూశాను. అప్పటి మెరుపూ ఇలాగే ఉంది. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తుడిచి, అంచులకు కొత్త టేపు వేసి, 1000 నంబరు కాగితం తడిపాను. మొదటి రుద్దుకు నా ముఖం మీద అడ్డంగా తెల్లటి గీత పడింది. ఆ తరువాత ముఖమే లేదు.

ముక్కనుమ నాడు మంచు విడిచి ఎండ ఎక్కాక, పదకొండు గంటలకు స్ప్రేకు కూర్చున్నాను. గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే పూత పాలిపోతుందని, చల్లని డబ్బా సరిగా చిమ్మదని మేస్త్రీ ముందే చెప్పాడు. దుమ్ము లేవకుండా కారు చుట్టూ నేల మీద నీళ్లు చల్లాను. బండి మొత్తానికి పాత పత్రికలు కప్పి రెండు లైట్లు మాత్రం బయటికి వదిలాను. పిల్లలను పైకి పంపించి మాస్కు తగిలించుకున్నాను. డబ్బా అడుగున ఉన్న మీట నొక్కితే లోపల హార్డెనర్ సీలు తెగిన శబ్దం వినబడింది. ఇక అక్కడి నుంచి వెనక్కి పోవడం లేదు. రెండూ కలిశాక డబ్బా ఒక రోజుకు మించి పనికిరాదు. రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు పైన దూరం నుంచి మొదటిసారి మంచు రాలినట్టు పలచగా కొట్టాను. లైటు మీద చుక్కలు చుక్కలుగా పడింది, ఇంకా మసకే. పది నిమిషాలు ఆగాను.

రెండోసారి తడిగా కొట్టాను. ఎడమ నుంచి కుడికి చేయి పోతుంటే డబ్బా వెనకాలే అద్దం తెరుచుకుంటూ వచ్చింది. మూడు రోజులుగా తెల్లగా చచ్చిపడి ఉన్నదాని లోపల బల్బు, దాని చుట్టూ ఉన్న వెండిరంగు గిన్నె, గిన్నెలో నా నీడ, ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. కాంపౌండుతో వచ్చిన మెరుపు కన్నా ఇదే లోతుగా ఉంది.

ఆశ ఆగదు కదా. మూడో పూత అయ్యాక ఎడమ లైటు కింది ముక్కు దగ్గర కొంచెం పలచగా ఉందనిపించి ఇంకోసారి చిమ్మాను. అరనిమిషంలో అక్కడ ఒక చుక్క లావెక్కి మెల్లగా కిందికి కారింది. తుడవబోయిన చేతిని ఎలాగో ఆపుకున్నాను. తడి పూతను తాకితే మొత్తం పోతుంది. కారిన చుక్క చింతగింజంత మందాన అలాగే గట్టిపడింది. దాన్ని పది రోజుల తరువాత, పూత పూర్తిగా ఆరాక, 2000తో చదును చేసి మెరిపించాను. ఊరికే కొన్న కాంపౌండు చివరికి అలా పనికొచ్చింది.

ఆ రోజంతా కారును కదపలేదు, వారం పాటు నీళ్లు తగలనివ్వలేదు. టేపు మాత్రం పూర్తిగా గట్టిపడకముందే, గంటలోపే తీసేశాను. ఆలస్యమైతే అంచున పూత కూడా ఊడి వస్తుంది. ఖర్చు మాస్కుతో కలిపి 3,240. మాస్కును లెక్కలో నుంచి తీసేయాలని కొందరు అంటారు. నేను తీయను. ఆ మాస్కు లేకుండా ఈ పని చేయకూడదు. అది కొనడం ఇష్టం లేనివాళ్లు రుద్దడం వరకు ఇంట్లో చేసుకుని, పూత షెడ్డులో కొట్టించుకోవడం నయం. లైటు లోపలే తేమ పట్టి మసకబారినవాళ్లకు ఈ శ్రమంతా వృథా. అది సీలు పోయిన రోగం, బయట ఎంత రుద్దినా తగ్గదు.

ఎనిమిదో రోజు రాత్రి కారును పార్కింగు గోడకు ఎదురుగా పాతిక అడుగుల దూరంలో నిలిపి లైట్లు వేశాను. మన కార్లకు దగ్గరి వెలుతురు పైఅంచు ఒక గీతలా ఉండి, ఎడమ పక్కకు వచ్చేసరికి కొంచెం పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనబడటానికి చేసిన ఏర్పాటు అది. అంతకుముందు ఆ గోడ మీద పడేది చెరిపేసిన బోర్డులా ఒక పచ్చటి మరక. ఇప్పుడు గీత గీతలా ఉంది. ఎడమ పక్క లేచిన వాలు కూడా కనబడింది. కొత్తదాంతో సమానమని అనలేను. లోపలి గిన్నె వెండిపూత పదేళ్లకు కొంత మసకబారింది, దానికి చేసేదేమీ లేదు. ట్రిపుల్ ఏ పరీక్షల్లో కూడా బాగుచేసిన లైట్లు 70 శాతం దాకానే తిరిగి వచ్చాయి. నాకు ఆ 70 చాలు. ఫిబ్రవరిలో అదే తిరువూరు దారిలో మైలవరం దాటాక, రోడ్డు పక్కన పడుకున్న గేదెల కళ్లు నాకు చాలా ముందే జతలు జతలుగా మెరిశాయి. సీటుకు వీపు ఆనించి కూర్చుని బండి నడుపుతున్నానని అప్పుడు గమనించాను.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. మధ్యలో ఒక పూర్తి వేసవి గడిచింది. విజయవాడ ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండు లైట్లూ తేటగానే ఉన్నాయి, ఒక్కచోట తప్ప. కుడి లైటు పైమూలలో, ఫెండరు పక్కన, బియ్యపుగింజ వెడల్పున రెండంగుళాల పొడవు పచ్చటి గీత ఒకటి తేలింది. మొదట పూత పోతోందేమో అనుకుని కంగారు పడ్డాను. ఆటోనగర్ తీసుకెళ్లి చూపిస్తే మేస్త్రీ బొటనవేలి గోటితో తడిమి, "ఇక్కడ అసలు పూతే లేదు మాస్టారూ" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. కనుమ నాడు మేస్త్రీ చీవాట్లు తిన్నాక, విసుగులో వేసిన కొత్త టేపు అక్కడ అద్దం మీదికి కొంచెం ఎక్కింది. దాని కింద ఉన్న మేర రెండోసారి గీకలేదు, స్ప్రే కూడా తగల్లేదు. అంటే నేను కాంపౌండుతో మెరిపించి, ఫొటో తీసి, ఊరంతా చూపించాలనుకున్న ఆ మెరుపులో మిగిలింది ఆ ఒక్క ముక్కే.

ప్రయోగంలో పోల్చి చూడటానికి ఒక భాగాన్ని ముట్టుకోకుండా వదలాలని పిల్లలకు చెబుతూ ఉంటాను. ఈసారి పదో తరగతి వాళ్లను బడి ఆవరణలోకి తీసుకొచ్చి ఆ గీత చూపించాలని ఉంది. మా ఆవిడ మాత్రం, మచ్చ కనబడుతోంది, దాన్ని కూడా రుద్దేయమంటోంది.